సింహం పక్కన దివాన్‌గారు

మంజులపురం నాటకశాలకి కొత్త తెర కావాలి. ఆట మొదలయ్యేదాకా జనం చూసేది దాన్నే కాబట్టి, దాని మీద రాజుగారి గుర్తయిన సింహం ఉండాలి. పిసినారి దివాన్ అద్దకాల ఓబులమ్మకి ఎర్ర గుడ్డ, పసుపు, నలుపు రంగులు మాత్రమే ఇచ్చి, "సింహం పక్కన నా బొమ్మా వెయ్యి" అన్నాడు.

"ఇంకో రంగు ఇప్పించండి దొరా."

"రెండు చాలు! నన్నూ పసుపుతోనే వెయ్యి."

"పసుపు రాజుగారి సింహానిది. మిమ్మల్నీ అలాగే వేస్తే, ఈ రెండో రాజెవరని ఆయన అడగరూ?"

దివాన్ గతుక్కుమన్నాడు. "అయితే నల్లగా వెయ్యి!"

ఆటనాడు తెర మీద సింహం పక్కన కళ్ళూ ముక్కూ తెలియని నల్లటి ఆకారం చూడగానే జనం గొల్లుమన్నారు. "సింహానికి దున్నపోతు దొరికిందిరోయ్!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. దివాన్ ఓబులమ్మ మీద మండిపడ్డాడు.

ఓబులమ్మ రాజుగారికి దణ్ణం పెట్టింది. "రెండు రంగుల్లో దివాన్‌గారు ఇంతే వచ్చారు మహాప్రభో! మూడోది ఇప్పిస్తే మనిషిని చేస్తాను."