మోకాల్లో మోకు

కట్లు కట్టే బాలవ్వకు ఒక అలవాటు ఉండేది. దెబ్బ తగిలిన కాలితో ఎవరు వచ్చినా ఆమె ముందుగా బాగున్న కాలినే చేతిలోకి తీసుకునేది. "అది కాదవ్వా, ఇది" అని వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. "తెలుసు తియ్యి. ముందు మంచిదాన్ని పలకరించనీ" అనేది ఆమె. అలా ఎందుకు చేస్తుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మూడేళ్లుగా ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న సుగుణకు కూడా చెప్పలేదు.

సుగుణ చేతులు చురుకైనవి. వెదురు బద్దలను పెదవికి ఆనించినా గుచ్చుకోనంత నున్నగా గీసేది. గుడ్డుసొనలో మినప్పిండి కలిపి గుడ్డకు పట్టిస్తే ఆ కట్టు నలభై రోజులకూ సడలేది కాదు. పని చేస్తూ కలలు కనడం ఆమెకు మరో అలవాటు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఆటోలు వచ్చి తమ వాకిట్లో ఆగినట్టు, అందులోంచి దిగినవాళ్లు "సుగుణవ్వ ఇల్లు ఇదేనా" అని అడిగినట్టు ఊహించుకుని తనలో తనే సిగ్గుపడేది.

బాలవ్వ రెండు నెలలు కూతురి ఊళ్లో ఉండి తిరిగివచ్చిన మర్నాడు, పొద్దున్నే వాకిట్లో కూర్చుని బద్దలు గీస్తూ సుగుణ అడిగింది.

"అవ్వా, మన కట్టుకు మానని దెబ్బంటూ ఉంటదా?"

బాలవ్వ గీసిన బద్దనొకటి తీసి వేలితో నిమిరింది. "నేను లేనప్పుడు ఎవరికన్న కట్టినవా?" అని అడిగింది.

ఆ మాట కోసమే సుగుణ రాత్రి నుంచి ఎదురుచూస్తోంది. కల్లు గీసే బుచ్చాగౌడ్ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. "గట్టు మీదికెల్లి దుంకిండట అవ్వా. కాలేమో బురదల దిగబడ్డది, మనిషేమో ఇటు తిరిగిండు. గంట గడవకముందే మోకాలు తాటికాయంత ఉబ్బింది. తడిమి చూస్తే ఎముక విరిగిన జాడ లేదు. అయినా బద్దలు పెట్టి, నలభై దినాలు కదలకుండ కట్టేసిన. విప్పేటాల్లకు వాపు లేదు, నొప్పి లేదు! రెండు వారాల సంది మంచిగ నడుస్తుండు."

"దెబ్బ తగిలిన్నాడు ఏమన్నడు?"

"ఏమంటడు? అబ్బో అన్నడు, అమ్మో అన్నడు."

బాలవ్వ నవ్వలేదు. "ఎప్పుడొస్తడు?"

"ఇయ్యాల్నే. ఈ యేడు చెట్టెక్కుడు ఇయ్యాలే మొదలట. నీ కాళ్లు మొక్కి పోతనన్నడు."

బాలవ్వ లేచి లోపలికి వెళ్లింది. గోడ కొయ్యకు ఏళ్ల తరబడి వేలాడుతున్న మోకును దించి తెచ్చింది. మోకు అంటే కల్లు గీసేవాడు తన నడుముకూ తాటిచెట్టుకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. లోపల మూడు పేటలు పేనుతారు, పైన తోలు చుడతారు. చెట్టు మీద రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు మనిషి ప్రాణం ఆ మోకు మీదే ఉంటుంది. అది బాలవ్వ పెనిమిటిది. ఆయన పోయి పన్నెండేళ్లు. ఆమె గిన్నెలో ఆముదం పోసుకుని, గుడ్డ ముంచి, ఆ మోకును మెల్లగా తోమసాగింది. ఎండిన తోలు నల్లగా నిగనిగలాడింది. అవ్వకు ముసలాయన గుర్తొచ్చాడు కాబోలు అనుకుంది సుగుణ. ఆమె మనసు మెత్తబడింది. తనకూ ఎప్పుడో ఒకరోజు అలా తోమి దాచుకునే వస్తువు ఒకటి మిగులుతుందా అని కాసేపు ఆలోచించింది కూడా.

అంతలో బుచ్చాగౌడ్ వచ్చాడు. నడుముకు కత్తుల పొది, భుజాన మోకు, ముఖం నిండా నవ్వు.

"బాలవ్వా, నీ శిష్యురాలు నిన్ను మించింది. నువ్వింక కూతురింట్లనే ఉండరాదు?"

"కాలికి కట్టింది గని నీ నోటికి కట్టలే. అదొక్కటి మరిచింది" అంది బాలవ్వ. "ఎట్లుంది కాలు?"

"నొప్పా? సూది మొనంత లేదు. మలుపు తిరిగేటప్పుడు జర జారినట్టయితది, గంతే. నడవంగ నడవంగ అదే పోతది."

బాలవ్వ అతని కాలి వంక చూడలేదు. ఒడిలోని మోకు అందించింది. "మా ఆయనది. ఇయ్యాల మొదటి చెట్టు దీంతో ఎక్కు కొడుకా. నా కండ్లు సల్లబడ్తయి."

బుచ్చాగౌడ్ రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. "ఎంత మాటవ్వా!" అన్నాడు. అంటూనే అతని వేళ్లు మోకు వెంబడి పాకడం మొదలుపెట్టాయి. అతను చూడటం లేదు, వేళ్లే చూస్తున్నాయి. ఒకచోట ఆగాయి. ఆ చోట మోకును వంచాడు. మెలిపెట్టాడు. చెవి దగ్గరికి తీసుకుని మళ్లీ మెలిపెట్టాడు. ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"అవ్వా, ఏమనుకోకు. ఇది సచ్చిన మోకు. లోపల ఒక పేట చీకి తెగింది."

"తళతళ మెరుస్తుంది గదరా?"

"మెరుపు చూసి ఎక్కుతరా?"

"గుంజి చూడు."

అతను ఒక కొస కాలితో తొక్కిపట్టి, రెండో కొస పట్టుకుని బలమంతా పెట్టి గుంజాడు. మోకు ఆగింది.

"ఆగింది గద! ఇంకేం కావాలె?"

"సూటిగ గుంజితే ఆగుతది అవ్వా! చెట్టు మీద సూటిగ ఉంటమా? కోసే గొల అటుంటది, కల్లు పడే లొట్టి ఇటుంటది, నడుము తిప్పాలె. మెలి పడ్డనాడు పటుక్కుమంటది."

సుగుణ చేతిలోని బద్ద జారి కింద పడింది. పటుక్కు. ఆ మాట తను ఇంతకుముందే విన్నది. ఇదే మనిషి నోట, ఇదే వాకిట్లో. రెండు నెలల కిందట అతన్ని మోసుకొచ్చినప్పుడు పళ్లు బిగబట్టి అతను చెప్పిన మొదటి మాట అదే: "లోపల పటుక్కుమన్నదే సుగుణా." అప్పుడు ఆమె చేతులు ఎముక కోసం వెతుకుతున్నాయి. మాట చెవిన పడింది గానీ చేతుల దాకా రాలేదు.

బాలవ్వ ఆమె వైపు తిరిగింది. "బిడ్డా, వాణ్ని మంచం మీద పండబెట్టు. ముందు మంచి కాలు పట్టు."

సుగుణ పట్టుకుంది. బాలవ్వ చెప్పినట్టే మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడను అదిమిపట్టి, రెండో చేత్తో పిక్క పైభాగాన్ని తన వైపుకు లాగింది. ఎముక ఒక వీసం కదిలి టక్కున ఆగిపోయింది. పలుపు కొసకు వచ్చిన దూడ ఆగినట్టు ఆగింది.

"గుర్తుపెట్టుకున్నవా? ఇప్పుడు రెండోది."

రెండో కాలు పట్టుకోగానే ముందు తొడ తెలిసింది. తను నలభై రోజులు కట్టి ఉంచిన ఆ తొడ మొదటిదానికన్నా నాలుగు వేళ్ల మేర చిక్కిపోయింది. విప్పిననాడు ఆ కాలినొక్కదాన్నే చూసింది కనుక ఆమెకు అది కనబడనే లేదు. కింది ఎముకను లాగింది. అది వచ్చింది. ఇంకా వచ్చింది. ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. దూడ ఉంది గానీ పలుపు లేదు. సుగుణకు తన కాళ్ల కింద నేల అంత మేర జరిగినట్టనిపించింది.

బుచ్చాగౌడ్ మెడ ఎత్తి తన మోకాలి వైపు వింతగా చూస్తున్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. "ఏందవ్వా, మోకాల్లో గూడ మోకుంటదా?"

"పేర్లనే ఉండె గదరా. నువ్వే సూడలే."

అతను లేచి కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ యేడు ఎక్కకుంటే నా ఇరవై చెట్లు ఇంకొకని కత్తికి అలవాటైతయి అవ్వా" అన్నాడు.

"చెట్లు నిలబడ్డ తావున్నే ఉంటయి. నువ్వు గూడ నిలబడి ఉండాలె గద" అంది బాలవ్వ. "ఎముకయితే నా చేతిల పని. ఇది నా చేతిల పని గాదు. పట్నం దవాఖాన్లకు పో. సుగుణ నీ ఎంబడొస్తది."

వాళ్లు వెళ్లారు. డాక్టరు కూడా ముందు బాగున్న కాలినే పట్టుకోవడం చూసి సుగుణ కళ్లు పెద్దవయ్యాయి. స్కానింగ్ తీశాక, మోకాలి నడుమ పై ఎముకనూ కింది ఎముకనూ పట్టి ఉంచే పేట ఒకటి పూర్తిగా తెగిపోయిందని ఆయన చెప్పాడు. చదును నేల మీద నడిచే మనిషికైతే తొడ కండను గట్టిపరిస్తే సరిపోవచ్చు, చెట్టెక్కేవాడికి మాత్రం అది చాలకపోవచ్చు అన్నాడు. అయితే ముందు కాలు పూర్తిగా చాచాలి, వంగాలి, పోయిన కండ తిరిగి రావాలి, ఆపరేషన్ ఆ తర్వాతే. "ఇన్ని రోజులు కదలకుండా ఎవరు కట్టారు?" అని ఆయన అడిగినప్పుడు, బుచ్చాగౌడ్ ఆమె వైపు చూడకుండా, "ఎవరో మంచి మనసున్నోళ్లే కట్టిన్రు సారూ" అన్నాడు.

ఆ రోజు నుంచి సుగుణ ప్రతి సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అతని చేత కాలు చాపించేది, ఎత్తించేది. "కట్టినదానివి నువ్వే, కదిలించేదానివీ నువ్వేనా?" అని అతను ఏడిపించేవాడు. రెండు నెలల తర్వాత, అతని తొడ వెనక నుంచే ఒక పేట తీసి తెగినదాని చోట అమర్చారు. ఆ ఏడు చెట్లను అతని బామ్మర్ది గీశాడు. బుచ్చాగౌడ్ చెట్టు కింద కూర్చుని అరిచి దారి చెప్పేవాడు. తొమ్మిది నెలలు దాటాక డాక్టరు అతని చేత ఒంటికాలితో గెంతించి, పక్కకు తిప్పించి, రెండు కాళ్లనూ కొలిచి, అప్పుడు గానీ సరే అనలేదు.

మరుసటి ఏడు ఎండలు ముదిరే వేళ, అతను మళ్లీ చెట్టెక్కే పొద్దున, గురువూ శిష్యురాలూ తాటిచెట్ల దగ్గరికి వెళ్లారు. బుచ్చాగౌడ్ మోకు పొడవునా వేళ్లు పోనిచ్చాడు, వంచాడు, మెలిపెట్టాడు. ఆ తర్వాత వంగి మోకాళ్లను తడుముకున్నాడు. ముందు మంచిదాన్ని, తర్వాత రెండోదాన్ని. అప్పుడు చెట్టును తాకి కళ్లకద్దుకుని ఎక్కాడు. సుగుణ ఊపిరి కూడా అతనితో పాటే పైకి వెళ్లింది. తాటాకుల గలగల మధ్య అతను నడుము తిప్పి లొట్టి అందుకున్నాడు. ఏమీ కాలేదు. గాలి మాత్రం కాస్త వీచింది.

బాలవ్వ గట్టు మీద కూర్చుని వక్క నములుతోంది. ఏడాదిగా గొంతులో ఉన్న మాటను సుగుణ అప్పుడు అడిగింది.

"అవ్వా, ఆనాటి నా కట్టు తప్పా?"

బాలవ్వ చెట్టు కొసకు చూస్తూ, "ఎందుకు తప్పు బిడ్డా? సక్కగ కట్టినవ్" అంది. వక్క ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చుకుంది.

"బయట."