పేరు దొరకని పొద

అనగనగా, మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, కుసుమగిరి అనే పట్టణాన్ని ధరణీధరుడనే రాజు ఏలేవాడు. పిల్లలూ, నిటారుగా కూర్చుని వినండి. తర్వాత ఏమవుతుందో తెలిసినట్టు మధ్యలో చెప్పకండి. అలా చెప్పినవాళ్ళ గతి ఏమైందో ఈ కథలోనే ఉంది.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయకేతుడు, నడిపివాడు చిత్రకేతుడు, చిన్నవాడు కేదారుడు. రాజుకు ఒక పెద్ద పూలతోట కూడా ఉండేది. ఆ తోటకు ఒక కట్టుబాటు ఉంది. ఏ మొక్కకైనా పేరు పెట్టి పిలిచాకే నీళ్ళు పోయాలి. తోటమాలి కూతురు నీలాంబరి రోజూ పొద్దున్నే కడవ చంకన పెట్టుకుని, "మల్లీ, తాగు. మందారమా, తాగు. సన్నజాజీ, తాగు" అంటూ వరసగా పోసుకుంటూ వెళ్ళేది.

ఒకనాడు ఆమె మందారాల వరసలో ఆగిపోయింది. నిన్న లేని పొద ఒకటి నడుమెత్తున నిలబడి ఉంది. ఆకు పైన నల్లగా, కింద బూడిద రంగుగా ఉంది. పువ్వు లేదు, కాయ లేదు. తుంచితే పాలు కారలేదు, నలిపితే వాసన రాలేదు. దాని నీడ పడినంత మేరా మందారాలు మాడిపోయాయి.

నీలాంబరి తిన్నగా కొలువుకు వెళ్ళి, "మహారాజా, తోటలో ఒక పొద మొలిచింది. అదేమిటో నాకు తెలియదు" అంది.

కొలువంతా గొల్లుమని నవ్వింది. "తోటమాలి కూతురికి మొక్క తెలియదట!" అని ఒకరిని చూసి ఒకరు నవ్వారు. ఆ కొలువులో తెలియదన్న మాట అంతవరకూ ఎవరూ అనలేదు. తడుముకోకుండా జవాబు చెప్పినవాడికే అక్కడ మర్యాద. కేదారుడొక్కడే నవ్వలేదు. 'ఇంతమందిలో ఆ మాట అనడానికి ఈ పిల్లకు ఎంత ధైర్యం!' అనుకున్నాడు.

ఆ నవ్వు ఆగకముందే కొలువు మధ్య నల్లని పొగ లేచింది. పొగలోంచి ధూమకంఠుడనే మాంత్రికుడు బయటికి వచ్చాడు.

"ఆ పొద నాది" అన్నాడు. "దాని పేరు చెప్పండి. మీకు మూడు జవాబులు, మూడు పున్నములు గడువు. ఒక్క జవాబు సరైనదైనా నేను ఓడినట్టే. మూడో పున్నమి పొద్దు గూకేలోగా చెప్పలేకపోతే ఈ రాజ్యం నాది, మీరంతా నా బానిసలు. ఇంకో మాట. ఆ పొద ముందు నిలబడి దాన్ని గురించి అబద్ధం చెప్పినవాడు రాయైపోతాడు!"

"ఎవరైనానా?" అని అడిగాడు కేదారుడు.

"ఎవడైనా! నా మంత్రానికి చిన్నా పెద్దా లేదు."

"నువ్వైనా?"

"నేనైనా!" అని మాంత్రికుడు విరగబడి నవ్వాడు.

అందరూ తోటలోకి వెళ్ళారు. పెద్దవాడు పొదను సరిగా చూడనైనా లేదు. "దీనికింత ఆలోచన దేనికి? ఇది మంచుకొండల మీద పెరిగే రజతపర్ణి. చిన్నప్పుడే చూశాను" అన్నాడు. అతను ఏ కొండా ఎక్కినవాడు కాదు. మాట పూర్తయ్యేసరికి పాదాల నుంచి తల దాకా రాయైపోయాడు.

నడిపివాడు మీసం దువ్వుకున్నాడు. "అన్నయ్య పొరబడ్డాడు. ఇది నీలసంజీవని. ఎవరినడిగినా చెబుతారు" అన్నాడు. అతను ఎవరినీ అడగలేదు. అన్న పక్కనే అతనూ రాయైపోయాడు.

రాజు గుండెలు బాదుకున్నాడు. "నాయనా కేదారా, నువ్వైనా ఏదో ఒక మంచి పేరు చూసి చెప్పరా!"

"చెప్పను నాన్నగారూ."

"ఎందుకు చెప్పవు?"

"నాకు తెలియదు గనుక." కేదారుడు మాంత్రికుడి వైపు తిరిగాడు. "విను, ధూమకంఠా. నాకు తెలియదు. తెలుసుకుని వచ్చి చెబుతాను. గడువు పెట్టింది నువ్వే. అందులో ఒక్క పూట కూడా నీకు వదలను."

ఆ మాటకు పొద నుంచి ఆకు ఒకటి రాలింది. మాంత్రికుడి నవ్వు చటుక్కున ఆగింది. కేదారుడు ఆకు తీసి తలపాగాలో దోపుకున్నాడు.

మాంత్రికుడు నీలాంబరిని పిలిచాడు. "ఒసేయ్ పిల్లా, ఈలోగా నా పొదకు రోజూ నీళ్ళు పొయ్యి."

"పేరు చెప్పు, పోస్తాను."

"పేరుతో నీకేం పని?"

"పేరు పిలవకుండా ఈ తోటలో నీళ్ళు పొయ్యం."

"రాయిని చేసేస్తాను!"

"చెయ్యి. రాయి కూడా నీళ్ళు పొయ్యదు" అని నీలాంబరి కడవ బోర్లించి దాని మీద కూర్చుంది.

మాంత్రికుడు పళ్ళు కొరికాడు. ఆమె అబద్ధమాడలేదు గనుక వాడి మంత్రం ఆమె మీద పారలేదు. ఆ పొదకు వేరే ఎవరైనా పోస్తేనే నీళ్ళు పడతాయి, వాడు పోస్తే పట్టవు. అదే వాడి బాధ.

కేదారుడు బయలుదేరుతుంటే నీలాంబరి, "దొరా, ఆకు సంగతి మేకనడగండి, పువ్వు సంగతి తేనెటీగనడగండి. మా అయ్య అలాగే కనుక్కుంటాడు" అని చెప్పింది.

కేదారుడు ఊరి చివర మేకను కలుసుకున్నాడు. "మేకత్తా, ఇదేం ఆకు?"

మేక అంచు కొరికి ఉమ్మేసింది. "ఈ రాజ్యంలో నేను తినని ఆకు లేదు అల్లుడూ. మొన్న మీ నాన్న తాటాకు పుస్తకాలు కూడా నాలుగు తిన్నాను. ఇది మాత్రం ఎన్నడూ తినలేదు. నాకు తెలియదు."

"ఉన్నమాట చెప్పావు, అదే పదివేలు" అని కేదారుడు అడవికి నడిచి తేనెటీగను అడిగాడు.

తేనెటీగ ఆకు చుట్టూ మూడుసార్లు తిరిగింది. "ఏడు అడవుల పూలు నాకు తెలుసు. దీని పువ్వు మాత్రం తెలియదు. కాని మీ మనుషుల ముక్కుకు అందని పొగ వాసన దీనికి ఉంది. ఏడు సముద్రాల అవతలి పొగదీవి నుంచి గాలికి ఇదే వాసన వస్తుంది."

కేదారుడు పడవ ఎక్కాడు. ఒక సముద్రంలో తుఫాను తెరచాపను చింపేస్తే ఆకును మొలలో దోపుకుని, తలపాగా విప్పి అతుకు వేశాడు. ఒక సముద్రంలో తిమింగలం అడ్డంగా పడుకుంటే అది లేచేదాకా మూడు రోజులు ఆగాడు. ఒక సముద్రంలో మంచినీళ్ళు అయిపోతే వాన పడేదాకా పెదవులు బిగించి తెడ్డు వేశాడు. వెనక్కి పోదామని మాత్రం ఏ సముద్రంలోనూ అనుకోలేదు. అలా ఏడు సముద్రాలూ దాటాడు.

పొగదీవిలో మాంత్రికుడి ఇల్లు ఉంది. ఇంట్లో పంజరం, పంజరంలో చిలక ఉన్నాయి. కేదారుణ్ణి చూసి చిలక కళ్ళు మూసుకుంది.

"ఊఁ, కానివ్వు. వచ్చిన ప్రతివాడూ నా మెడ నులమడానికే వస్తాడు. మాంత్రికుడి ప్రాణం నాలో ఉందని ఎవడో పుకారు పుట్టించాడు. నాలో ఉన్నది నా ప్రాణమే, బాబూ!"

"నీ మెడ నాకెందుకు చిలకన్నా? ఈ ఆకు పేరు తెలిస్తే చెప్పు. తెలియకపోతే తెలియదను."

చిలక ఒక కన్ను తెరిచింది. "ఇలా అడిగినవాడివి నువ్వే. విను. వాడి ప్రాణం ఆ పొద వేళ్ళలో ఉంది. నూరేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను. విన్నదల్లా పలకడమే నా పని. వాడి మంత్రాలు పలుకుతాను, వాడి తిట్లు పలుకుతాను, వాడి గురక కూడా పలుకుతాను. ఆ పొద పేరు మాత్రం ఒక్కనాడూ వినలేదు."

"అంటే..."

"వాడు దానికి పేరే పెట్టలేదు. పేరుంటే ఎవరైనా కనుక్కుంటారని భయం."

కేదారుడు పంజరం తెరిచాడు. చిలక వచ్చి అతని భుజం మీద వాలింది.

మూడో పున్నమి నాడు, పొద్దు ఇంకా బారెడు ఉండగా, కేదారుడు తోటలో అడుగుపెట్టాడు. నీళ్ళు లేక పొద సగం వడలిపోయింది. మాంత్రికుడి బుగ్గలు కూడా పీక్కుపోయాయి. నీలాంబరి ఇంకా బోర్లించిన కడవ మీదే కూర్చుని కాపలా కాస్తోంది. ఊరంతా గుమిగూడింది.

"ఉన్నది ఒక్క జవాబే. చెప్పు!" అన్నాడు ధూమకంఠుడు.

కేదారుడి కళ్ళు పక్కనున్న రెండు రాళ్ళ మీద పడ్డాయి. అవి అతని అన్నలు. మాట తప్పయితే మూడో రాయి తనే. ఒక్క చిలక మాట నమ్ముకుని ఇంత దూరం వచ్చాడు. అయినా పొద ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఈ పొదకు పేరు లేదు."

అందరూ అతని పాదాలే చూస్తున్నారు. కేదారుడు కుడి కాలు ఎత్తి దించాడు, ఎడమ కాలు ఎత్తి దించాడు. రెండూ మామూలు కాళ్ళే.

"నిజం చెప్పాను. ఓడానని ఒప్పుకుని నీ పొద తీసుకుని వెళ్ళు, ధూమకంఠా. నిన్ను ఎవరూ ఏమీ అనరు" అన్నాడు.

ఒప్పుకుని ఉంటే వాడు బతికిపోయేవాడు. కాని జనంలో ఒక చిన్నపిల్ల, "అమ్మా, వాడి మొక్క పేరు వాడికే తెలియదా?" అంది. చిలక ఆ మాట అందుకుని, "తెలియదా? తెలియదా?" అని అరిచింది. జనం నవ్వారు. ఆ నవ్వును మాంత్రికుడు భరించలేకపోయాడు.

"నాకా తెలియనిది? నూరేళ్ళ నుంచి దీని పేరు కాలకంటకి!" అని గర్జించాడు.

"ఆ మాట ఇప్పుడే వింటున్నాను" అంది చిలక.

ధూమకంఠుడు కిందికి చూసుకున్నాడు. మడమలు రాయయ్యాయి, మోకాళ్ళు రాయయ్యాయి, నడుము రాయైంది. "తె..." అని నోరు తెరిచాడు. ఆ ఒక్క మాట అలవాటు లేని నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే రాయైపోయింది. వాడి ప్రాణం పోగానే అన్నలిద్దరూ మళ్ళీ మనుషులై ఒళ్ళు విరుచుకుని లేచారు.

"ఇంతకీ ఆ మొక్క పేరేమిటి తమ్ముడూ?" అన్నాడు పెద్దవాడు.

"లేదన్నయ్యా."

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు నడిపివాడు. అంతలో ఉలిక్కిపడి తన పాదాలు తడుముకున్నాడు.

రాజు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. కేదారుడు నీలాంబరిని చేసుకుంటానన్నాడు. "తోటమాలి కూతురినా?" అని మంత్రులు ముఖం చిట్లించారు.

"అవును. మీరంతా నవ్వుతుంటే నిజం చెప్పింది ఈమె ఒక్కతే. ఈమె సమ్మతిస్తే పెళ్ళి, లేకపోతే నాకు పెళ్ళే లేదు" అన్నాడు కేదారుడు.

"ముందు నన్ను అడగండి దొరా" అంది నీలాంబరి. అతను అడిగాడు. ఆమె సరేనంది.

మాంత్రికుడి ప్రాణం పోయాక వేళ్ళలో విషం కూడా పోయింది. పొద పచ్చబడింది. పెళ్ళినాడు నీలాంబరి దాని మొదట్లో కడవ వంచి, "నువ్వెవరో నాకు తెలియదు. అయినా తాగు" అంది. అదే దాని పిలుపైంది.

వాళ్ళు అరవై ఏళ్ళు చల్లగా రాజ్యం ఏలారు. ఆ రాజ్యంలో ఒక కొత్త కట్టుబాటు పెట్టారు. మంత్రి కావాలన్నా, గురువు కావాలన్నా, ముందు ఆ పొద ముందు నిలబడి, నవ్వకుండా, తల వంచకుండా, అందరికీ వినబడేలా "నాకు తెలియదు" అనాలి. అనలేనివాళ్ళను వాకిట్లోంచే పంపించేసేవారు.

రాతి ధూమకంఠుడు ఇప్పటికీ నోరు తెరిచి అక్కడే ఉన్నాడట. ఆ నోట్లో ఆ చిలక పిల్లలు గూడు కట్టుకున్నాయట. నిజంగా ఉన్నాడా అని అడుగుతారా? నేను చూడలేదు. నాకు తెలియదు.