నక్క వేయించిన వెడల్పు రోడ్డు

నేరేడుదిబ్బలో జంతువుల ఇళ్లన్నీ ఒకవైపు, నీళ్లకుంట ఇంకోవైపు. మధ్యన కానుగచెట్ల నీడలో సన్నటి వీధి. తాబేలు తాత దగ్గర్నుంచి బాతుపిల్లల దాకా అందరూ కబుర్లాడుకుంటూ నడిచి నీళ్లకు పోయేవాళ్లు. అది చూస్తే నక్క జిత్తయ్యకు కడుపుమంట. ఆయనకు గాడిద బండ్లున్నాయి మరి, ఎక్కేవాళ్లే లేరు!

ఒకరోజు ఊరిపెద్ద ఏనుగు దగ్గరికెళ్లాడు.

"అయ్యా, పక్క ఊళ్లన్నీ వెడల్పు రోడ్లు వేసుకున్నాయి. మనమింకా ఈ సందులోనే పడి ఏడవాలా?"

ఏనుగు మంచివాడే కానీ తానుండే గుట్ట దిగి వీధి మొహం చూసి ఏళ్లయింది. "సరే, కానీయ్" అన్నాడు.

ఇంకేముంది, చెట్లు పోయాయి, నడిచే దారీ పోయింది. పగలంతా బండ్లు ఒకటే పరుగు.

బాతు బుడుంగమ్మ నక్క ఇంటికి పరుగెత్తింది. ఆమె పిల్లలు ఆరుగురూ గుడ్లలోంచి వచ్చి ఐదు రోజులు. ఏడో రోజున తొలి ఈత చేయించి ఊరికి విందు పెట్టాలి. తొలి ఈత తప్పితే ఇక ఆ పిల్లలు బాతులెలా అవుతారు?

"జిత్తయ్య బాబూ, పిల్లల్ని రోడ్డెలా దాటించను?"

"బండెక్కించమ్మా!"

"ఎదురుగా కనిపించే కుంటకి బండేంటయ్యా?"

"ఊరి చివరిదాకా పోయి, అక్కడ తిరిగి వస్తుంది. హాయిగా కూర్చోవడమే!"

బుడుంగమ్మకు ఒళ్లు మండింది. పైకి మాత్రం నవ్వింది. "అలాగే బాబూ. తొలి ఈతకు పిల్లల మీద నీళ్లు చల్లే పెద్దమనిషివి నువ్వే. చేపల పులుసు, రొయ్యల ఇగురు చేస్తున్నా. మన ఆచారం తెలుసుగా, విందుకు నడిచొచ్చినవాళ్లకే విస్తరి."

"మా ఇల్లు కుంటకి ఎదురేగా! పది అంగల్లో వచ్చేస్తా" అన్నాడు నక్క, లొట్టలేస్తూ.

ఏడో రోజు కోడి కూసేవేళకే, బండ్లు కట్టకముందే, బుడుంగమ్మ పిల్లల్నీ ఊరినీ కుంటకి చేర్చింది. బతిమాలి ఏనుగునూ రప్పించింది. నక్క మాత్రం బారెడు పొద్దెక్కాక లేచాడు. పులుసు వాసన ముక్కుకు తగిలింది. రోడ్డు మీద కాలు పెట్టబోతే సర్రుమని ఒక బండి, వెనకే ఇంకో బండి!

"ఒరేయ్, ఆపండ్రా!"

"ఆగితే మేత లేదని మీరేగా అన్నారు, అయ్యగారూ!" అంటూ గాడిదలు దూసుకుపోయాయి.

మళ్లీ ఉరకబోయాడు. చక్రం తోక మీదెక్కింది. "చచ్చాన్రో!" అని కుయ్యోమొర్రోమన్నాడు. అవతలి గట్టునుంచి బుడుంగమ్మ, "రా బాబూ, పులుసు చల్లారిపోతోంది!" అని తెగ పిలుస్తోంది.

చేసేదిలేక, పోతున్న బండినే పట్టుకుని ఎక్కాడు. ఊరి చివరిదాకా పోయి, తిరిగి వచ్చేసరికి ఏనుగే తొండంతో నీళ్లు చల్లేశాడు, పిల్లలు ఆరుగురూ కుంటలో ఈదుతున్నారు. విస్తరి కోసం నక్క చెయ్యి చాపాడు.

"బండి దిగావుగా నాయనా!" అంది బుడుంగమ్మ.

నక్కకు ఏడుపే తక్కువ. "ఎదురింటివాణ్ణి, పది అంగలు నడవలేకపోయాను! ఇదేం రోడ్డయ్యా, ఏ దౌర్భాగ్యుడు వేయించాడు?" అని అరిచాడు.

ఊరంతా పకపకా నవ్వింది. ఏనుగు మాత్రం నవ్వలేదు. "నేనూ దిగి చూడాల్సింది" అని తలొంచుకుని, ఆ రోజే సగం రోడ్డు నడకకు వదిలించి, కానుగ మొక్కలు నాటించాడు. మొక్కలకు నీళ్లు మోసే పని ఎవరికిచ్చాడంటారా? జిత్తయ్యకే, అదీ కాలినడకన.

పసికూన నడిచి దాటలేని వీధి ఎంత వెడల్పైనా ఇరుకే.