రాజుగారు గుసగుసగా చెప్పిన తీర్పు

ఒకానొక రాజ్యంలో, వజ్రగిరి అనుకుందాం, ప్రతాపకేతు మహారాజు తీర్పు చెబితే కోట గుమ్మం దాకా వినిపించేది. ఆయన చెడ్డవాడేం కాదు. గొంతు పెద్దది, తన తెలివి మీద తనకున్న మురిపెం అంతకన్నా పెద్దది. అంతే.

ఆ కొలువులో తిప్పన అనే పెద్దాయన ఉండేవాడు. తమ మాట తాము చెప్పుకోలేనివాళ్ళ తరఫున వాదించడం ఆయన ఉద్యోగం. రాజుగారిని నొప్పించకుండా దారికి తేవడం ఆయన సొంతంగా నేర్చుకున్న విద్య.

ఒకనాడు పొద్దున్నే ఆస్తి పంచుకుంటున్న అన్నదమ్ములు వచ్చారు. పొలం పంపకం తెగింది, ఇల్లు తెగింది. కాడెడ్ల దగ్గర చిక్కొచ్చింది. తలా ఒకటి కావాలన్నారు.

"కుదరదు!" అని గర్జించాడు రాజు. "దాపటి ఎద్దు ఎడమనే నడుస్తుంది, వలపటి ఎద్దు కుడినే నడుస్తుంది. ఒకే కాడి కింద మెడ పెట్టి పెరిగిన జత అది. విడదీస్తే రెండూ మేత ముట్టవు. ఎవరింట ఉన్నా రెండూ కలిసే ఉండాలి!"

సభ భళా అంది. రాజు మీసం దువ్వుకున్నాడు.

ఆ తరువాత గంగన్న, అతని భార్య ఓబమ్మ వచ్చారు. ఒకరితో ఒకరికి పొసగక విడిపోయిన మనుషులు. పిల్లలు నాకు కావాలంటే నాకు కావాలని ఇద్దరూ పట్టుబట్టారు. ఇద్దరి తరఫునా వాదించేవాళ్ళు గొంతులు చించుకున్నారు. ఏడేళ్ళ చెంగమ్మ, మూడేళ్ళ తమ్ముడు ఎర్రన్న మాత్రం వెనక స్తంభం దగ్గర కూర్చుని బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు. పిల్లలు కొలువులో నోరు విప్పకూడదని అక్కడి కట్టుబాటు మరి!

అందుకే తిప్పన ముందురోజే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, నేల మీద చతికిలబడి కబుర్లాడాడు.

"అమ్మ కావాలా, నాన్న కావాలా అని మాత్రం అడక్కు తాతా," అంది చెంగమ్మ. "ఎవరి పేరు చెప్పినా రెండోవాళ్ళు ఏడుస్తారు."

తిప్పన ఆ పిల్ల తల నిమిరాడు. "అడగనమ్మా. నీకేం చెప్పాలనుందో అదే చెప్పు."

"తమ్ముణ్ణి నా దగ్గర్నుంచి తీసుకుపోవద్దని చెప్పు. వాడు నా చెవి పట్టుకుంటేగాని నిద్రపోడు."

ఇవాళ కొలువులోనేమో రాజు తీర్పు చెప్పడానికి చెయ్యెత్తేశాడు. "ఇందులో చిక్కేముంది? ఆడపిల్ల తల్లికి, మగపిల్లాడు తండ్రికి. సరిసమానం!"

చెంగమ్మ తమ్ముణ్ణి గట్టిగా పొదివి పట్టుకుంది. తిప్పన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, పొద్దుటి ఎడ్ల తీర్పు ఇంకా అమల్లో ఉన్నట్టేనా?"

"నా తీర్పంటే ఏమనుకున్నావు? శిలాశాసనం!"

"ఆ అన్నదమ్ములకేనా, రాజ్యమంతటికీనా?"

"నా రాజ్యంలో జతగా మెలిగే ప్రతి ప్రాణికీ!" అన్నాడు రాజు రొమ్ము విరుచుకుని.

"ధన్యుణ్ణి ప్రభూ! అయితే ఈ పిల్లలిద్దర్నీ కాడెడ్లుగా ఎంచమని నా మనవి."

రాజు మండిపడ్డాడు. "మనుషుల బిడ్డల్ని పశువులంటావా?"

"అంత మాటంటానా! ఎడ్లు మేత ముట్టవేమోనని తమరు బెంగపడ్డారు. ఈ పసివాళ్ళు అన్నం ముట్టరేమోనని ఇంతసేపూ ఇక్కడ ఎవరమూ బెంగపడలేదు. పిల్లలుగా దక్కని ఆదరం ఎడ్లుగానైనా దక్కుతుందేమోనని నా ఆశ."

రాజు ముఖం ఎర్రబడింది. కాసేపటికి మెత్తబడింది.

"ఇది నీ వాదనా, పిల్లల మాటా?"

"ఎడ్ల గొడవ నాది ప్రభూ. అసలు మాట చెంగమ్మది," అని ఆ పిల్ల అన్నది అన్నట్టే ఒప్పజెప్పాడు తిప్పన.

రాజు సింహాసనం దిగి స్తంభం దగ్గరికి వచ్చాడు. "నిజమేనా తల్లీ?"

చెంగమ్మ తిప్పన వంక చూసింది. "రాజుగారే అడుగుతున్నారు, చెప్పమ్మా," అన్నాడాయన.

"ఇద్దరి దగ్గరా ఉంటాం," అంది చెంగమ్మ. "కానీ మేమిద్దరం కలిసే ఉంటాం."

గంగన్న తల దించుకున్నాడు. ఓబమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇంతలో నిద్రమత్తుతో ఎర్రన్న రాగం అందుకున్నాడు. రాజు ఏం తోచక వాణ్ణి ఎత్తుకున్నాడు. వాడు తడుముకుని తడుముకుని రాజుగారి చెవి, కుండలంతో సహా, గుప్పిట పట్టి భుజం మీద నిద్రపోయాడు.

తీర్పు చెప్పడానికి రాజు అలవాటుగా గొంతు సవరించుకున్నాడు.

"ష్!" అంది చెంగమ్మ. "లేస్తాడు."

ప్రతాపకేతు జన్మలో మొదటిసారి గుసగుసగా తీర్పు చెప్పాడు. "దుక్కుల నుంచి కోతల దాకా తల్లి దగ్గర, కోతలయ్యాక తండ్రి దగ్గర. ఎక్కడున్నా ఇద్దరూ కలిసే. ఇకమీదట పిల్లల మాట వినకుండా పిల్లల తీర్పు లేదు."

"ఏమన్నారు? ఏమన్నారు?" అని గుమ్మం దగ్గర భటులు అరిచారు. సభంతా వాళ్ళ వైపు తిరిగి నోటి మీద వేలేసుకుంది. రాజుకి నవ్వాగలేదు. చప్పుడు బయటికి రాకుండా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తిప్పనా, ఇలా వచ్చి నా చేతి కంకణం తీసుకో. అది నీకే."

"ఇప్పుడొద్దు ప్రభూ. ఆ చెయ్యి కదిలితే వాడు లేస్తాడు."

నిజమేనని రాజు అలాగే నిలబడిపోయాడు. ఎర్రన్న ఆవులించి కళ్ళు తెరిచాకే తిప్పనకి కంకణం దక్కింది, రాజుగారికి ఆయన చెవి దక్కింది.