అత్తగారి జవాబు, కోడలి ప్రాణం

చీరాలలో ప్రసూన అనే కోడలు ఉండేది, ఆమెకున్న ఒకే ఒక్క లోపం మొహమాటం. ఎంత మొహమాటమంటే, ఎవరైనా కాలు తొక్కితే తానే క్షమించమని అడిగి, రెండో కాలు కూడా ముందుకు చాపేది! అత్తగారు సీతారత్నం గొంతెత్తితే మాత్రం వాడరేవులో పడవలు వెనక్కి తిరిగేవి. కోడలిని ఎవరేమడిగినా జవాబు ఆవిడే చెప్పేది.

ప్రసూనకు రెండో నెల. ఒక ఉదయం పొత్తికడుపులో కుడివైపు నొప్పి పొడిచింది. ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు.

డాక్టరు నీరజ స్కాన్ చేసింది. "గర్భసంచిలోనే ఉన్నట్టుంది. ఇదివరకు లోపల ఏదైనా తేడా ఉందన్నారా?" అని అడిగింది.

"తేడానా! మా కోడలు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి తుమ్మలేదండీ!" అంది సీతారత్నం.

పదిహేనేళ్లప్పుడు తీసిన స్కాన్ ప్రసూనకు గుర్తుంది. గర్భసంచి పుట్టుకతోనే సగమే ఎదిగింది. రెండో సగం చిన్న కొమ్ములా పక్కన ఉండిపోయింది. పెళ్లిచూపులనాడు తల్లి, "ఈ మాట ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకుంది. చెబితే కాపురం ఏమవుతుందో! ఇంతలో నొప్పి మళ్లీ పొడిచింది.

"అత్తయ్యా, మీరు కాస్త ఆగండి. నేను చెబుతాను," అంది ప్రసూన.

సీతారత్నం నోరు తెరుచుకుపోయింది. అందులో ఎద్దులబండి మలుపు తిరగొచ్చు! ప్రసూన అంతా చెప్పేసింది.

డాక్టరు ఈసారి స్కాన్ పక్కకు తిప్పి తిప్పి చూసింది. "పిండం ఆ చిన్న కొమ్ములో ఉందమ్మా. పిండం పెరిగేకొద్దీ ఆ కొమ్ము సాగదు. పగిలితే నీ ప్రాణానికే ముప్పు," అంది. ఆ పూటే ఆపరేషను చేసి కొమ్ము తీసేశారు. బిడ్డ దక్కలేదు. ప్రసూన బతికింది.

"మళ్లీ తల్లివి కావచ్చు. నెల తప్పగానే మాత్రం నా దగ్గరికి రావాలి," అంది డాక్టరు.

ఇంటికొచ్చాక సంగతి విని పక్కింటి కోటేశ్వరి మూతి తిప్పింది. "లోపం దాచి అంటగట్టారు కదా వదినా!"

"దాచమన్నది వాళ్లమ్మ. చెప్పింది నా కోడలు," అంది సీతారత్నం. "నా నోటికి కలెక్టర్లే జడుస్తారు. నన్నే ఆగమని చెప్పి ప్రాణం నిలబెట్టుకుంది. అంతటి కోడలు ఏడు జిల్లాల్లో ఉంటే చూపించు!"

ప్రసూన కన్నీళ్లతోనే నవ్వింది.

నీతి: పుట్టుకతో వచ్చిన తేడా తప్పు కాదు, దాన్ని డాక్టరు దగ్గర దాచడమే ముప్పు, మన ఒంటి సంగతి మన నోటితోనే చెప్పుకోవాలి.