సాయవ్వ పొయ్యి ఆరలేదు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక గుట్ట, గుట్ట వాలులో జంతువుల ఇళ్ళు, ఇళ్ళ కింద వాటి చేలు, చేల పక్కన ఒక వాగు. ఆ రోజుల్లో జంతువులు కూడా పంటలు వేసి, పొయ్యి రాజేసి, వండుకుని తినేవి. నిప్పు ఎలా రాజేసేవని మాత్రం అడక్కండి. అడిగితే కథ ఇక్కడే ఆపేస్తాను.

ఆ గుట్ట మీద ఒక ఆచారం ఉండేది. పంట కోసిన రోజు ఎవరూ ఒక్క గింజ కూడా నోట్లో వేసుకునేవారు కాదు. ముందు చేను మొత్తంలో మంచి కంకులు ఏరి, పొయ్యి పైనున్న దూలానికి కట్టేవారు. జొన్న కంకులు, సజ్జ కంకులు, కొర్ర కంకులు. అవి మళ్ళీ వానలకు విత్తనం. ఎంత ఆకలేసినా వాటిని ముట్టకూడదు. పొయ్యి పైనే ఎందుకు కట్టాలంటే ఎవరికీ తెలియదు. తాతలు కట్టారు, మేమూ కడుతున్నాం అనేవారు.

గుట్ట చివర సాయవ్వ అనే ముళ్ళపంది ఉండేది. మొగుడు పోయాడు. బుడ్డి అని ఒక్కతే కూతురు. సాయవ్వకు నోరెక్కువ, భయం తక్కువ.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పంట అంతంతమాత్రం. అందరూ దిగులుగా కూర్చున్న వేళ అవతలి కొండ నుంచి భల్లయ్య అనే ఎలుగుబంటి దిగాడు. భుజాన పెద్ద బుట్ట, బుట్ట నిండా మొక్కజొన్న పేలాలు.

"అయ్యో, ఎంత చిక్కిపోయిన్రు!" అన్నాడు భల్లయ్య. "ఈ దంచుడు, విసురుడు, వండుడు మీకెందుకు? రోజూ పొద్దుగాల ఇంటింటికీ పేలాలు నేను తెస్త. మీ చేలల్ల నా మొక్కజొన్న ఎయ్యుండ్రి. పంట నా గుహకు తెచ్చియ్యుండ్రి. అంతే."

"ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగాడు కుందేలు చెంగయ్య.

"ఒక్క చిన్న మాట. మీ పొయ్యిలు ఆర్పెయ్యాలె. పొగ నా కండ్లకు పడదు."

కళ్ళ మంట ఉత్త సాకు. పొయ్యి రాజే ఇంట్లో తన బుట్టను ఎవరూ దేకరని వాడికి బాగా తెలుసు.

అయినా అందరూ సంబరపడ్డారు. కట్టెలు ఏరే బాధ లేదు, ఊదే బాధ లేదు. అడవికోడి రంగమ్మ తన పొయ్యిలో తానే కుండెడు నీళ్ళు కుమ్మరించి, రెక్కలు దులుపుకుని చిందులేసింది. దూలాన ఉన్న విత్తనపు కంకులను మాత్రం ఎవరూ తియ్యలేదు. ఆచారం ఆచారమే కదా!

సాయవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు. తన చెలకలో ఎప్పట్లాగే జొన్న, సజ్జ, కొర్ర కలిపి వేసింది. పొద్దు వాలేసరికి ఆమె ఇంటి మీద పొగ లేచింది.

మర్నాడు భల్లయ్య తియ్యగా నవ్వుకుంటూ వచ్చాడు.

"సాయవ్వా, మగదిక్కు లేనిదానివి. నీకు రెండు బుట్టలు ఇస్త. ఆ పొయ్యి ఆర్పు."

"నా బిడ్డ ఏం తినాల్నో నాకు తెలుసు. నా పొయ్యి, నా ఇష్టం. నీ కండ్లు మండుతే కండ్లు మూసుకొని పో," అంది సాయవ్వ.

భల్లయ్య మొహం మాడిపోయింది. తిన్నగా మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళి, "గుట్ట మీద ఒక్క పొయ్యి రాజినా ఎవ్వరికీ బుట్ట రాదు," అని చెప్పాడు. ఇంకేముంది, అందరూ కలిసి సాయవ్వ మీదికి వచ్చారు.

"నీ ఒక్కదాని మొండితనానికి మేమందరం పస్తులుండాల్నా?" అంది రంగమ్మ.

"వాడు బుట్ట ఆపడే పిచ్చిదానా!" అంది సాయవ్వ. "ఆపితే వాని మొక్కజొన్నకు కలుపు ఎవరు తీస్తరు? వాడు తీస్తడా?"

ఆమె అన్నట్టే జరిగింది. మర్నాడు బుట్ట వచ్చింది. కానీ ఎవరూ సాయవ్వను మెచ్చుకోలేదు. ఆమె ఎదురొస్తే మొహం తిప్పుకున్నారు. ఇదివరకు పెంకు పట్టుకుని నిప్పు కోసం ఆమె గడప తొక్కేవారు. ఇప్పుడు ఆ గడప వైపు చూసేవారే లేరు. పైకి గట్టిగా ఉన్నా సాయవ్వకు అది చాలా బాధగా ఉండేది.

కోతలొచ్చాయి. అందరి చేలలోని మొక్కజొన్న పొత్తులూ ఒక్కటి మిగలకుండా భల్లయ్య గుహకు చేరాయి. సాయవ్వ తన చిన్న పంట కోసుకుంది. ఆ ఏడు గుట్ట మీద జొన్న, సజ్జ, కొర్ర వేసింది తనొక్కతే. అందుకని దూలం వంగేదాకా విత్తనపు కంకులు కట్టింది. తినడానికి మిగిలింది తక్కువ. తల్లీకూతుళ్ళు పలచటి అంబలి తాగి రోజులు నెట్టుకొచ్చారు.

ఒకనాడు బుడ్డి ఏడుపు అందుకుంది. "అమ్మా, అందరూ పేలాలు తింటున్నరు. నాకూ కావాలె."

"పేలాలు మన పెనం మీద గూడ పేల్తయి బిడ్డా. మళ్ళ పంట రానీ, కడుపు నిండ పెడ్త."

"మళ్ళ పంట దాకా ఎందుకు? అగో, గన్ని కంకులున్నయి గద!" అని బుడ్డి దూలం వైపు చూపించింది.

కడుపున పుట్టిన బిడ్డ ఆకలి అంటుంటే ఏ తల్లికి బాగుంటుంది చెప్పండి? కానీ సాయవ్వ చెయ్యి దూలం మీదికి పోలేదు.

"అవి తినేటియి కావు," అంది. బిడ్డను దగ్గరికి తీసుకుని, పొయ్యిలో ఇంకో పుల్ల పెట్టింది.

ఆ పొగ చూసి భల్లయ్యకు ఒళ్ళు మండిపోయింది. గుట్ట ఎక్కి వచ్చి, మాటా పలుకూ లేకుండా ఒక్క తన్ను తన్నాడు. మట్టిపొయ్యి ముక్కలైంది. సాయవ్వ ఊరుకుంటుందా? గిర్రున తిరిగి, ముళ్ళన్నీ నిక్కబొడిచి, వెనక్కి వెనక్కి దూసుకొచ్చింది. భల్లయ్య ముక్కు నిండా ముళ్ళు దిగాయి. వాడు "అమ్మో, అయ్యో!" అంటూ గుట్ట దిగి పరుగెత్తాడు.

"ఇగ ఎట్ల వండుతవే?" అని చెంగయ్య దూరం నుంచే అడిగాడు.

"అడవిల మూడు రాళ్ళు దొరకవా?" అంది సాయవ్వ. మూడు రాళ్ళు పెట్టి మళ్ళీ నిప్పు రాజేసింది.

ఎండలు ముదిరి, ఆకాశంలో మబ్బులు కనబడ్డాయి. సరిగ్గా అప్పుడే బుట్ట ఆగిపోయింది. భల్లయ్య ముక్కు తడుముకుంటూ వచ్చి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"వాగు పక్క చేలన్నీ ఇగ నావి. ఒప్పుకుంటే విత్తనం ఇస్త, బుట్ట ఇస్త. లేకుంటే మన్ను తినుండ్రి."

ఆ గుట్టకు తేమ నిలిచే నేలలు అవే. అవి పోతే ఇంక ఆ గుట్ట మీద ఎవరూ బతకలేరు.

"నీ విత్తనం ఎవనికి గావాలె? మా దూలాలకు మా విత్తనం ఉన్నది!" అని చెంగయ్య ఇంట్లోకి ఉరికాడు. కంకి దింపి చేత్తో నలిపాడు. తెల్లటి పిండి రాలింది. గింజ గింజకూ చిల్లి, చిల్లి చిల్లికీ పురుగు. రంగమ్మ ఇంట్లోనూ అదే. ప్రతి ఇంట్లోనూ అదే.

ఇన్నేళ్ళూ కంకులను కాపాడింది దూలం కాదు పిల్లలూ, కింద పొయ్యిలోంచి లేచే పొగ. పొగ ఉంటే పురుగు చేరదు. పొయ్యి ఆర్పిన నాడే విత్తనం కూడా చచ్చిపోయింది. ఎవరికీ తెలియలేదు, అంతే.

భల్లయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పుడే గుట్ట చివర నుంచి సాయవ్వ కేక వినబడింది.

"నవ్వింది చాలు గానీ, ఇటు చూడు!"

ఆమె చేతిలో నల్లగా పొగచూరిన జొన్న కంకి ఉంది. అరచేతిలో నలిపితే గట్టి గింజలు టపటపా రాలాయి. అందరూ తలలు దించుకుని ఆమె గడప ముందు నిలబడ్డారు.

"మమ్ముల తిట్టు సాయవ్వా, కానీ విత్తనం ఇయ్యి," అంది రంగమ్మ ఏడుస్తూ.

"పొగ సంగతి నాకు మాత్రం ఎరుకనా? వాడు ఆర్పమన్నడు, నేను ఆర్పలే. గంతే," అంది సాయవ్వ. "కంకులు ఇస్త. అందరికీ ఇస్త. కానీ ముందు పెంకులు తెచ్చుకొని నిప్పు తీస్కపోండ్రి. పొయ్యి రాజెయ్యనోళ్ళకు నా ఇంట్ల ఒక్క గింజ దొరకదు."

ఆ సాయంత్రం గుట్ట మీద ఇంటింటికీ పొగ లేచింది. "ఆర్పుండ్రి!" అని భల్లయ్య అరిచాడు. ఈసారి అందరూ ఇళ్ళ ముందుకు వచ్చి అడ్డంగా నిలబడ్డారు. "నీ తన్నుకు ఎన్ని పొయ్యిలు పల్గుతయో చూస్తం రా!" అన్నాడు చెంగయ్య. భల్లయ్య తన ఖాళీ బుట్ట భుజాన వేసుకుని గుట్ట దిగిపోయాడు.

వాన పడింది. విత్తనం మొలిచింది. కోతల దాకా అందరూ వానకు మొలిచిన ఆకులూ దుంపలూ ఉడకేసుకుని తిన్నారు. పంట ఇంటికొచ్చింది. ముందు కంకులు దూలానికెక్కాయి. ఆ తర్వాత సాయవ్వ పెనం మీద గుప్పెడు జొన్నలు పోసింది. అవి టపటపా పేలి తెల్లగా పొంగాయి. బుడ్డి రెండు బుగ్గల నిండా కుక్కుకుని, "అమ్మా, ఇవి మనయేనా?" అని అడిగింది.

"మనయే బిడ్డా. ఎవ్వన్నీ అడుక్కున్నయి కావు," అంది సాయవ్వ.

నీతి: వండిపెడతానంటూ మన పొయ్యి ఆర్పమనేవాడు రేపు మన చేను అడుగుతాడు, పొయ్యినీ విత్తనాన్నీ ఎవరి చేతికీ ఇవ్వకండి.