బొల్లెద్దు కాయలు ఒలిచిందట

కొండకింద ఎలుగుబంటి చేలో ఆ ఏడు వేరుశెనగ విరగకాసింది. కాయల కుప్పకు కాపలా బొల్లెద్దు, దాని మీద మేస్త్రి నక్క. నక్కను మేస్త్రిగా పెట్టుకున్న ఎలుగు తెలివి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఒకనాడు పొద్దున్నే ఎలుగు వచ్చి బొల్లెద్దుతో, "రేపటినుంచి పనిలోకి రావద్దు" అంది. ఎందుకో చెప్పలేదు. సిగ్గుతో అది అడగనూ లేదు.

వారం రోజులు దానికి గడ్డి సయించలేదు. మోకాలు నొప్పని ఓ పూట కూర్చున్నందుకా? వయసు మీద పడిందనా? మరెవరూ పనికి పిలవడం లేదు. ఎదురుపడ్డ గొర్రెలు కూడా పక్కకు తప్పుకుంటున్నాయి.

చివరికి పెళ్లాం ఆవు కసిరింది. "అడగనిదే అమ్మయినా పెట్టదు. వెళ్లి అడగండి. పోయిన పని మళ్లీ పోతుందా ఏమిటి?"

బొల్లెద్దు వెళ్లేసరికి ఎలుగు పక్కనే నక్క ఉంది.

"అయ్యా, పని ఇమ్మని రాలేదు. ఎందుకు తీసేశారో చెబితే చాలు."

ఎలుగు మొహం తిప్పుకుంది. "పెద్దవాడివి, నీ పరువు తీయొద్దని మేస్త్రే అన్నాడు. అందుకే చెప్పలేదు. కాపలా కాస్తూ కుప్ప తినేశావు. నువ్వు పడుకునే చోట గంపెడు తొక్కలు నా కళ్లతో చూశాను."

"ఉట్టి తొక్కలా?"

"గింజలు నీ పొట్టలోకి పోయాయిగా."

బొల్లెద్దు డొక్కలు ఎగిరేలా నవ్వింది. వారంగా గుండె మీదున్న బరువు ఆ నవ్వుతోనే దిగిపోయింది.

"అయ్యా, మా వంశంలో కాయ ఒలుచుకుని తిన్నవాణ్ని చూశారా? దొరికితే తీగతో సహా నమిలేస్తాం. ఈ గిట్టలతో ఒలవడం మా తాతకైనా చేతనవునా?"

ఎలుగు అనుమానంగా ఓ గుప్పెడు కాయలు ముందు పోసింది. బొల్లెద్దు కరకరా నమిలి మింగేసింది. తొక్క ముక్క కూడా మిగల్లేదు.

"గట్టు మీద పనుంది" అంటూ నక్క లేచింది.

"వెళుదువుగానిలే మావా" అంది బొల్లెద్దు. "ముందు ఆ మీసాలకంటిన ఎర్రపొట్టు తుడుచుకో."

నక్క గబుక్కున రెండు మీసాలూ తుడుచుకుంది. వాటి మీద ఏమీ లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం మనుషులకే కాదు, నక్కలకూ ఉంది.

ఎలుగు నక్కకేసి చూసింది. "మేస్త్రీ, రేపటినుంచి నువ్వు రావద్దు. ఎందుకో చెప్పమంటావా?"

నక్క అడగలేదు. తోక ముడుచుకుని కొండెక్కింది. బొల్లెద్దు మాత్రం ఇంటికెళ్లి రెండు మోపుల గడ్డి మేసింది.

నీతి: తప్పు చేయనివాడు ఎందుకని అడగడానికి సిగ్గుపడకూడదు.